రొయ్య పెంకుల కాగితం

మా అప్ప, అంటే మా అక్క, చేపలమ్ముతుంది, నేను ఆటో నడుపుతాను. మా ఇంటి చరిత్ర ఈ రెండు ముక్కల్లోనే అయిపోతుంది కాబట్టి నేరుగా కాగితం సంగతికి వస్తాను.

దాన్ని కాగితం అంటే, అది చేసి తెచ్చిన పట్నం అమ్మాయికి నచ్చేది కాదు. ఫిల్మ్ అనాలనేది. ఓపికున్న రోజున యాక్టివ్ ప్యాకేజింగ్ ఫిల్మ్ అనేది. మేం మాత్రం మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా కాగితమనే అన్నాం. చూడ్డానికి అప్పడాల పిండిని బాగా పల్చగా ఒత్తి ఎండబెట్టినట్టుండేది. రంగు పసుపు. కళ్ళకడ్డంగా పెట్టుకుని చూస్తే ఎదుటివాడికి కామెర్లొచ్చినట్టు కనబడేది.

అది దేనితో చేశారో విన్నాక నాకు నవ్వాగలేదు. రొయ్య పెంకులతో. మా ఊరి దారిలో రొయ్యలొలిచే షెడ్డు ఒకటుంది. దాని వెనక పెంకుల గుట్ట. గాలి అటు నుంచి కొడితే బస్సులో నిద్రపోతున్నవాడు కూడా మా స్టేజీ వచ్చిందని లేచి కూర్చుంటాడు. ఆ పెంకుల్ని బస్తాలకెత్తి పట్నం పట్టుకెళ్ళి, కడిగి, యాసిడ్లో నానబెట్టి, పొడి చేసి, ఆ పొడిని జావలా కాచి, అందులో పసుపూ లవంగ నూనే కలిపి, పళ్ళేల్లో పోసి ఆరబెడితే ఈ కాగితం వస్తుందట. అంటే మా ఊరి చెత్త పట్నం వెళ్ళి పెద్ద చదువు చదువుకుని తిరిగొచ్చిందన్నమాట. మా ఊళ్ళో అంతదాకా చదివినవాళ్ళు తక్కువ. నా మటుకు నేను ఎనిమిదో తరగతి సగంలో సైన్సు మాస్టారితో ఒక ఒప్పందానికి వచ్చాను. ఆయన నన్ను ప్రశ్నలడగకూడదు, నేను ఆయన బడికి రాకూడదు. ఇద్దరం మాట నిలబెట్టుకున్నాం.

ఆ అమ్మాయిది విజయనగరం. పట్నంలో పెద్ద కాలేజీలో పరిశోధన చేస్తోంది. చేపలమ్మేవాళ్ళతో కలిసి బజార్లో పరీక్షించాలని మా తీరానికి వచ్చింది. దిగీదిగగానే కనబడింది నా ఆటో. ఆటోతో పాటు నేనూ ఆ పనిలో చేరిపోయాను. నాకు ఫీల్డ్ అసిస్టెంటు అని పేరు కూడా పెట్టింది. ఎనిమిదో తరగతిలో ఆగినవాడికి అంత పేరు దొరకడం మాటలా? ఆ వారమంతా ఎవరెదురైనా వాళ్ళడక్కపోయినా చెప్పాను.

కాగితం రెండు పనులు చేస్తుందని ఆ అమ్మాయి మాకు అర్థమయ్యేలా చెప్పింది. పెంకుల్లో ఉన్న గుణమూ లవంగ నూనే కలిసి చేపని పాడుచేసే సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి. అందువల్ల ఈ కాగితంలో చుట్టి ఐసులో పెడితే పొద్దున్న వచ్చిన చేప సాయంత్రం దాకా పొద్దుటిలాగే ఉంటుంది. ఇది మొదటి పని. అయినా ఎప్పటికో చేప పాడవడం మొదలవుతుంది కదా, అప్పుడు దాన్నుంచి వచ్చే ఆవిరి తగిలి కాగితంలో పసుపు ఎర్రబడుతుంది. ఇది రెండో పని. కొనేవాడు మొప్ప ఎత్తి చూడక్కర్లేదు, ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు. పసుపైతే మంచిది, ఎరుపైతే చెడ్డది. ఇక వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. నల్ల కవర్లలాగ మన మునిమనవల పెళ్ళిళ్ళు చూసేదాకా బతికుండదు.

ఈ చివరి మాట నిజమని మేకే తేల్చింది. మొదటిసారి తెచ్చిన కాగితాల్ని మా అరుగు మీద పెడితే పక్కింటి మేక వచ్చి మూడు మిగిల్చి తక్కినవన్నీ నమిలేసింది. అమ్మాయి గోల పెడుతుందనుకున్నాను. ఆవిడ పుస్తకం తీసి రాసుకుంది. మూడు రోజులు వరసగా పట్నం నుంచి ఫోను చేసి మా ఆరోగ్యం కాదు, మేక ఆరోగ్యం అడిగింది.

"మేక ఎలా ఉందండీ?"

"నిచ్చేపంలా ఉన్నాదమ్మా. మిగతా మూడూ ఎప్పుడెడతారని అడుగుతున్నాది."

అదీ రాసుకుందేమో నాకు తెలీదు.

అప్ప మాత్రం ఇందులో దేనికీ నవ్వలేదు. నవ్వే పరిస్థితి కాదు. బావ బోటు పనికి గుజరాత్ వెళ్ళి ఏడాదిలో సగం పైన అక్కడే ఉంటాడు. ఇల్లు నడిచేది అప్ప గంప మీద. తెల్లవారుజామున తీరంలో పడవల దగ్గర చేపలెత్తి, నా ఆటోలో నౌపడ ఉప్పుమళ్ళ పక్క నుంచి కోటబొమ్మాళి బజారుకి తీసుకెళ్ళి, మా అమ్మ కూర్చున్న చోటే కూర్చుంటుంది. పొద్దుట బేరం బాగుంటుంది. మధ్యాహ్నానికి చప్పబడుతుంది. సాయంత్రం రైలు దిగేవాళ్ళు మళ్ళీ కొంటారు గాని అప్పటికి చేప మెత్తబడిపోతుంది. మిగిలింది ఎండబెట్టేవాళ్ళకి అడిగినంతకి ఇచ్చేయడమే.

దానికి తోడు కిందటేడు అప్పకి ఎదురుగా గాజు తలుపుల చేపల దుకాణమొకటి తెరిచారు. లోపల ఏసీ. చేపలన్నీ ప్లాస్టిక్ ట్రేలలో పడుకుని, ఒంటి మీద స్టిక్కర్లంటించుకుని, ఆసుపత్రిలో పేషెంట్లలా ఉంటాయి. ఏళ్ళ తరబడి అప్ప దగ్గర కొన్నవాళ్ళు ఒక్కొక్కరే ఆ తలుపు తోసుకుని లోపలికి పోయారు. అప్పకి మిగిలినది ఒకటే. కూర్చున్న ముప్పై ఏళ్ళలో ఆవిడ అమ్మిన చేపని బాగోలేదని వెనక్కి తెచ్చినవాడు లేడు. ఆవిడ "మంచిది" అంటే జనం మొప్ప ఎత్తేవారు కాదు. ఆ మాట నిలిస్తే చోటు నిలుస్తుంది, ఆ మాట పోతే గంప ఎత్తేయాలి. ఆ ఏడాది మా ఇంట్లో ఇంకో మాట లేదు.

అందుకే కాగితం చూపించినప్పుడు అప్ప మొదట అడిగిన ప్రశ్న ఇది.

"సేప మంచిదో కాదో కాయితమే సెప్పీస్తే, మరి నాను దేనికే అమ్మీ?"

"మీ మాటకి సాక్ష్యంగా ఉంటుందక్కా" అంది అమ్మాయి.

"నా మాటకి సాచ్చీకం అడిగినోడు ఒక్కడూ నేడు."

"ఇప్పుడు అడుగుతన్నారు కదప్పా" అని గాజు తలుపు వైపు గడ్డం చూపించాను. అప్ప నన్ను చూసిన చూపుకి ఆ పూట ఐసు కొనకుండా సరిపెట్టుకోవచ్చు. కాని చూసి చూసి, సాయంత్రం దాకా చేప నిలుస్తుందన్న మాట మీద ఒప్పుకుంది. రెండో పని ఆవిడకి అక్కర్లేదు. అది నాకు కావాలి.

ఎందుకంటే నాకు అరవడం ఇష్టం. కానాగంతల్నీ చందువల్నీ చేపకి చేప కాగితంలో చుట్టి ఐసు మీద పేర్చి, ఆటో సీటు మీద నిలబడి మొదలుపెట్టాను.

"రండి బాబూ రండి. పసుప్పచ్చగుంటే పట్టుకెల్లండి, ఎర్రగుంటే ఎనక్కిచ్చీండి. అప్ప మాట ఒద్దు, తమ్ముడి మాట ముందే ఒద్దు. కాయితం మాట ఇనండి. అది అబద్దవాడదు, దానికి నోరు నేదు."

అప్ప చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ తలెత్తింది. "అప్ప మాట ఒద్దంతన్నావేట్రా?"

"ఊరికే అప్పా, బేరానికి."

"నా బేరానికి నా మాట ఒద్దా?"

"జనానికి కొత్తది కావాలప్పా."

జనానికి కొత్తది కావాలన్నది నిజమే. పది రోజుల్లో ఆ బజారంతటికీ పసుపూ ఎరుపూ పాఠం కంఠతా వచ్చింది. బళ్ళో నాకు ఒక్క పాఠమైనా అంత బాగా ఎవరూ చెప్పలేదు. సాయంత్రం రైలు దిగినవాళ్ళు కాగితం పైకెత్తి వెలుగుకి పెట్టి చూసి, "పసుపే" అని పెళ్ళిచూపులు ముగించినట్టు తలూపి కొనేవారు. చేప కూడా, నిజం చెప్పాలి కదా, సాయంత్రానికి గట్టిగానే ఉండేది. కళ్ళు తేటగా, ఒళ్ళు బిగిసి. గాజు దుకాణానికి వెళ్ళిపోయిన రిటైర్డ్ హెడ్‌మాస్టారు ఒకాయన మళ్ళీ వచ్చాడు. ఆదివారం వస్తే జెల్లల పులుసు లేకపోతే ఆయనకి వారం తెల్లవారదు. ఆయన వచ్చిన రోజు ఇంటికెళ్ళేటప్పుడు అప్ప ఆటోలో ఏదో కూనిరాగం తీసింది. ఏడాది తర్వాత విన్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన అవసరం లేకపోయేది. పట్నం నుంచి పెద్ద సారు వస్తున్నారని కబురొచ్చింది.

పెద్ద సారంటే ఆ అమ్మాయి చేత పరిశోధన చేయించే ఆచార్యులు. సంత రోజున బజార్లో ప్రదర్శన పెట్టాలన్నారు. ముందురోజే బ్యానర్ వచ్చింది. దాని మీద నవ్వుతున్న చేప బొమ్మ. కాగితంలో చుట్టుకోబోతున్నందుకు ఏ చేప నవ్వుతుందో నాకు తెలీదు. ఆ బ్యానర్ కట్టడానికి చోటు లేక అప్ప కూర్చునే చోటుకి అడ్డంగా కట్టారు. అప్ప జీవితాన్ని బాగుచేసే కార్యక్రమంలో అప్ప కనబడకుండా పోయింది.

సారు ఇంకో మాట చెప్పి పంపించారు. ఊరికే చుట్టిన చేపలు వద్దు, ముక్కలు కోసి ట్రేలో పెట్టి పైన ఫిల్మ్ వేయాలి, ఇంటికెళ్ళి నేరుగా పొయ్యి మీద పెట్టేలా ఉండాలి. "రెడీ టు కుక్ అయితే బాగుంటుందని సార్ అన్నారక్కా" అంది అమ్మాయి.

"కోసీడానికేటే, కోస్తాను" అంది అప్ప. "ఏటి కొయ్యమన్నారు?"

"మీ ఇష్టం."

"అయితే జెల్లలే. మాస్టారు కూడా వస్తారు."

జెల్ల సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. దానికి పొలుసుండదు, జిగురుంటుంది. చేత్తో పట్టుకుంటే సబ్బు ముక్కలా జారి, కత్తిపీట దగ్గర మన వేలే ముందుకొస్తుంది. అందుకని మా తీరంలో ఆడవాళ్ళంతా పొయ్యిలోని బూడిద పట్టించి తోముతారు. అదీ సరుగుడు కట్టెల బూడిద, మెత్తగా పిండిలా ఉంటుంది. ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చినా అప్ప పెరట్లో కట్టెల పొయ్యి తీసేయలేదంటే సగం ఈ బూడిద కోసమే. ఒక డబ్బాలో పోసి గంపతో పాటు తెస్తుంది. బూడిద పట్టించి, తోమి, కడిగి, కోయడం. మా అమ్మ అలాగే చేసేది. ఆవిడమ్మా అలాగే.

ఆ రోజు పొద్దున్న జెల్లలు మంచివి దొరికాయి. పడవ దిగిన గంటన్నరలో కోటబొమ్మాళిలో ఉన్నాం. అప్ప బ్యానర్ వెనక కూర్చుని చకచకా తోమి, తెచ్చుకున్న రెండు బిందెల నీళ్ళతో కడిగి కోసింది. సారు కారు వచ్చేస్తోందని తొందర. ముక్కల్ని అమ్మాయి ట్రేలలో సర్ది పైన కాగితం అంటేలా కప్పింది. పసుపు కాగితం కింద ముక్కలు మెరుస్తూ, కళ్ళకద్దుకునేలా ఉన్నాయి. నేను ఆటో సీటెక్కాను.

సారు, ఆయనతో వచ్చిన ఇద్దరూ నిలబడ్డారు. చుట్టూ జనం. హెడ్‌మాస్టారు ముందు వరసలో సంచీతో ఉన్నాడు. నేను నా పాఠం అందుకున్నాను. పసుప్పచ్చగుంటే పట్టుకెల్లండి, ఎర్రగుంటే అన్నంతలో ఎవరో అన్నారు.

"ఎర్రబడతన్నాదిరా."

నేను వేళాకోళమనుకున్నాను. దిగి చూశాను. ముందు ముక్కల అంచుల వెంట, తర్వాత నడుమ, కొత్త పెళ్ళికూతురి పాదాలకి పారాణి రాసినట్టు కాగితం ఎర్రబడుతోంది. ఒక ట్రే కాదు, అన్నీ.

"ఎర్రగుంటే ఎనక్కన్నావు కదేట్రా. తీసుకో మరి" అని ఒకడు ట్రే నా చేతిలో పెట్టాడు. నవ్వులు. ఆ బజార్లో నన్ను చూసి నవ్వే అవకాశం ఎవరికీ అంతకుముందు రాలేదు, అందుకని అందరూ మనసారా వాడుకున్నారు.

"ఇవి ఎప్పుడు పట్టినవమ్మా?" అన్నారు సారు.

"తెల్లారి పడవ దిగినాయి బాబూ. కోసి పావుగంట అవనేదు."

"ఫిల్మ్ అలా చెప్పడం లేదే."

అప్ప ఒక ముక్క తీసి ఆయన ముందు చాపింది. "వాసన సూడండి బాబూ."

సారు ఒకడుగు వెనక్కి వేశారు. ఆయన శాకాహారట. చేపల కాగితం మీద ఇన్నేళ్ళు పనిచేసి ఒక్క చేపని ముక్కు దాకా రానివ్వకపోవడం మామూలు క్రమశిక్షణ కాదు. అమ్మాయి ముక్క అందుకుని వాసన చూసి, "బాగానే ఉంది సార్" అంది సన్నగా. సారు కాగితాన్నే చూస్తూ, "శాంపిల్ పాడైంది" అన్నారు.

హెడ్‌మాస్టారు ఎత్తి పట్టుకున్న ట్రేని మెల్లగా దించేసి, రుమాలుతో వేళ్ళు తుడుచుకుని, ఎదురుగా ఉన్న గాజు తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. అప్ప ఆయన వెళ్ళినంతసేపూ చూసింది. ముప్పై ఏళ్ళలో వెనక్కి వచ్చిన మొదటి చేప అది.

కారు వెళ్ళిపోయింది. బ్యానర్ మీద చేప ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ అమ్మాయి ఐసు పెట్టె మీద కూర్చుని పుస్తకం మూసి తెరిచి మూస్తోంది. నేను అరిచే సీటు మీద ట్రేలు పేరుస్తున్నాను. అప్ప సామాను సర్దుతోంది. ఒక చినిగిన కాగితం ముక్క బూడిద డబ్బా తడి అంచుకి అంటుకుని, అంటుకున్న మేర ఎర్రబడి ఉంది. తీయబోయి ఆగింది.

"ఒరే, దిష్టి తియ్యడానికి ఎర్రనీల్లు ఎలగ కలుపుతాం?"

"ఇప్పుడు దిష్టి తీస్తే లాబం నేదప్పా. దిష్టి వచ్చీసి, పనైపోయి, ఎల్లిపోనాది కూడా."

"అడిగింది సెప్పరా."

"పసుపు నీల్లలో సున్నం."

"మరి బూడిదేస్తే?"

అప్ప సమాధానం కోసం ఆగలేదు. కొత్త కాగితమొకటి లాగి, తడి వేలితో డబ్బాలోంచి బూడిద తీసి రాసింది. వేలు వెళ్ళిన మేర ఎర్రటి గీత. చేప లేదు, ముక్క లేదు, గాలిలో పట్టుకున్న ఒట్టి కాగితం.

అమ్మాయి లేచి వచ్చి ఆ గీతని ముట్టుకుంది. "క్షారం" అంది. "అయ్యో, బూడిదలో క్షారం ఉంటుంది. తోమిన చోట మిగిలిపోయింది. మా అమ్మమ్మ కూడా బూడిదతోనే తోమేదక్కా. నాకెందుకు తట్టలేదు?"

"మరి మీ ల్యాబులో జెల్లల్ని దేంతో తోమతారు?" అన్నాను.

"కుళాయి కింద కడుగుతాం. తోమినవే తెప్పిస్తాం."

లవంగ నూనె ఎన్ని చుక్కలో, పసుపు ఎన్ని పాళ్ళో, ఎండకి ఎంతసేపో, చలికి ఎంతసేపో, అన్నీ పరీక్షించారు. చేపని ఎవరు తోముతారు, దేంతో తోముతారు అన్నది మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేదు.

సరే, తప్పు తెలిసింది. మర్నాటి నుంచి అప్ప బూడిద డబ్బా ఇంట్లో వదిలేసి, నౌపడ కల్లుప్పుతో తోమడం మొదలుపెట్టింది. వేళ్ళు మండేవి. కాగితం పసుపుగానే ఉండేది. అయినా కొనేవాడు లేడు. నేను మనిషి మనిషికీ బూడిద కథ చెప్పాను. నిజం చెప్తున్నప్పుడు నా మొహం ఎలా ఉంటుందో ఆ బజార్లో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు, అందుకని గుర్తుపట్టలేకపోయారు.

"బూడిదట" అని నవ్వేవాళ్ళు. "కాయితం అబద్దవాడదని నువ్వే కదేట్రా అరిసినావు."

అవును, నేనే. అప్ప మాట వద్దన్నదీ నేనే. ముప్పై ఏళ్ళు ఆవిడ కూడబెట్టుకున్నదాన్ని పది రోజుల్లో ఒక కాగితం పేర రాసేసి, ఆటో సీటెక్కి చాటింపు కూడా వేశాను. ఇది నాకు అప్ప చెప్పలేదు. చెప్పి ఉంటే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.

వారం గడిచింది. అప్ప పక్కనే గంప పెట్టుకునే ముసలావిడ ఒకావిడ ఉంది, మేం అత్తా అంటాం. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, నోరు తెరవకుండానే ఊరందరి సంగతులూ చెప్పగలదు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"ఒరే అల్లుడా, మీయప్ప ఎర్రిది. కాయితానికి సింతపండు నీల్లు సిలకరించు. సేప కుల్లిపోనా ఎర్రబడదు."

"నీకెలగ తెలుసు?"

"ఆ పట్నం అమ్మి పారీసిన కాయితాలు నానేరినాను. నిన్నటి కానాగంతలకి సుట్టినాను. సూడు."

చూశాను. కాగితం బంగారంలా ఉంది. విప్పాను. వెంటనే మూసేశాను. బూడిదకి ఎర్రబడేది పులుపుకి పసుపుగా ఉండిపోతుందన్నమాట. పెద్ద సారూ వాళ్ళూ ఎన్నేళ్ళో పాటుపడి చేసిన సాక్షిని అత్త ఒక చింతపండు ఉండతో కొనేసింది. ఆవిడకి బడి ఎక్కడుందో కూడా తెలీదు.

ఆ సాయంత్రం ఆటోలో సీసాడు చింతపండు పులుసు కలిపి పెట్టుకున్నాను. అప్పకి నచ్చజెప్పే మాటలు కూడా తయారుగా పెట్టుకున్నాను.

"మన సేప మంచిదే కదప్పా. మంచి సేప మీద పసుపు కాయితవుంటే అబద్దవెలగవుతాది?"

"అవదు."

"మరింకేటి? పది రోజులు ఇలగ నడిపీ. జనం మల్లీ వస్తారు."

"మజ్జేన్నం మిగిలిపోయి, మెత్తబడిపోయిన సేప మీదో?"

"దాని మీద సల్లొద్దు."

"నువ్వు సల్లవేట్రా?"

నేను చల్లుతాను. ఒకసారి చల్లినవాణ్ణి రెండోసారి చల్లకుండా ఉండను, ఆ సంగతి నాకంటే ముందు అప్పకి తెలుసు.

"ఆ సీసా ఇలగియ్యి" అంది. పారబోస్తుందనుకున్నాను. గంపలో పెట్టుకుంది.

తరవాతి సంత రోజున అప్ప ఆ అమ్మాయిని కూడా రమ్మని ఫోను చేయించింది. పొద్దున్నే రెండు ట్రేలు ముందు పెట్టింది. ఒకదానిలో అప్పుడే కోసిన జెల్ల ముక్కలు, ఇంటి నుంచి మళ్ళీ తెచ్చిన బూడిదతో తోమినవి. పైన కాగితం ఎర్రగా ఉంది. రెండోదానిలో రెండు రోజుల నాటి ముక్కలు, పులుసు చిలకరించినవి. పైన కాగితం పసుప్పచ్చగా ఉంది.

"ఇప్పుడు కేకెయ్యి" అంది నాతో.

"ఏటని?"

"రమ్మని. సాలు."

అరిచాను. రమ్మని మాత్రమే. నా జన్మలో అంత చిన్న కేక వేయలేదు. పదిమంది మూగారు, తర్వాత ఇంకొందరు. హెడ్‌మాస్టారు గాజు దుకాణం మెట్ల మీద ఆగి, ఇటు చూసి, రోడ్డు దాటి వచ్చాడు. అప్ప గొంతు పెంచలేదు.

"ఇది ఎర్రగున్నాది. వాసన సూడండి. ఇది పసుప్పచ్చగున్నాది. దీన్నీ సూడండి."

మాస్టారు మొదటిది చూశాడు. ఆశ్చర్యపోయి మళ్ళీ చూశాడు. రెండోదాని కాగితం ఎత్తీ ఎత్తగానే రుమాలు తీశాడు.

"కాయితం మంచిదే" అంది అప్ప. "సేపని సాయింత్రం దాకా కాస్తాది, అది నాను సూసినాను. సాచ్చీకం మట్టుకు సెప్పనేదు. బూడిద సెప్తే ఎర్రబడిపోద్ది, సింతపండు సెప్తే పసుపైపోద్ది. నాకు ఎవుడు సెప్పినా నా మాట మారదు. కొనాలనుంటే కొనండి, నేకపోతే ఒగ్గీయండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంతలో ఎవరు కొడతారు? ఒకరిద్దరు చందువలు కొన్నారు. మిగతావాళ్ళు రెండో ట్రే వాసన గురించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. అత్త మాత్రం చుట్ట నోట్లోంచి తీసి మరీ తిట్టింది. "నా గుట్టు బజార్లో ఎట్టీసినావు కదే. నీ కడుపు సల్లగుండా, నానింక ఏటి సేసుకుని బతకాలి?"

"కుల్లినివి అమ్మకుండా బతుకత్తా" అంది అప్ప.

అమ్మాయి ఏడుస్తుందేమోనని అనుకున్నాను. ఆవిడ రెండు ట్రేలనీ అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, అత్తని కూడా కూర్చోబెట్టి చింతపండు ఎంత, నీళ్ళెంత అని అడిగి రాసుకుంది. అత్త గర్వంగా చెప్పింది.

"ఇదంతా నా థీసిస్‌లో రాయాలక్కా. మీ గురించి కూడా."

"రాసుకో. పేర్లెట్టకు."

రాసింది. పెద్ద సారు దాన్ని దిద్ది, స్థానిక పరిస్థితుల దృష్ట్యా సవరణలు అవసరం అని మార్చారట. స్థానిక పరిస్థితులంటే మా అప్పా, అత్తా, నేనూ, బూడిద డబ్బా.

రెండు నెలల తర్వాత అమ్మాయి కొత్త కాగితాలు తెచ్చింది. అవే పెంకులు, అదే లవంగ నూనె, పసుపు మాత్రం లేదు. తెల్లగా, అద్దంలా ఉన్నాయి. ఏమీ చెప్పవు. చేపని కాస్తాయి, అంతే. అప్ప వాటిని తీసుకుంది. చుట్టడం నా పని. అరవడం ఎవరి పనీ కాదు.

అలాంటి ఒక సాయంత్రం రైలు వేళకి హెడ్‌మాస్టారు వచ్చి నిలబడ్డాడు. సంతలో రెండో ట్రే కాగితం ఎత్తి చూసి వెళ్ళాక ఆయన రావడం అదే మొదలు. కాగితంలో ఉన్న జెల్ల ముక్కల వైపు చూశాడు. మొప్ప ఎత్తి చూద్దామంటే ముక్కలకి మొప్పలుండవు. కాగితానికి రంగు లేదు. ఇక అడగడం తప్ప దారి లేదు.

"ఏమ్మా, ఎలా ఉన్నాయి?"

నేను నోరు తెరిచాను. అప్ప నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"పొద్దున్న కోసినవి మాస్టారూ. ఏపుడికి పరవానేదు. పులుసుకొద్దు, ముక్క ఇడిపోద్ది."

ఆయన సంచీ తెరిచి పట్టాడు. "పులుసు రేపు పెట్టుకుంటాలే. ఇవి వేపుడికి ఇచ్చెయ్యి" అన్నాడు.

మర్నాడు మేం గంప దించేసరికే సంచీ పట్టుకుని అక్కడున్నాడు.